తీర్పు చేతిలో ఉంది, డబ్బు ఎక్కడ?

(సంఘం జిల్లా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

కోర్టు అమీనా వచ్చి ఆర్డీవో కార్యాలయంలోని కుర్చీలు, బీరువాలు, కంప్యూటర్లు వరండాలో పెట్టించిన ఫొటోలు మీరు పేపర్లలో చూసే ఉంటారు. కింద రెండు ముక్కల వార్త ఉంటుంది: భూసేకరణ పరిహారం చెల్లించనందుకు కోర్టు జప్తు ఉత్తర్వు ఇచ్చింది, అధికారులు గడువు కోరారు. మర్నాటికి కుర్చీలు మళ్లీ లోపలికి వెళతాయి. ఆ రైతుకు తర్వాత ఏమైందో ఏ పేపరూ రాయదు.

అలాంటి ఒక రోజున మేం ఒక కార్యాలయం ముందు నిలబడ్డాం. కాలువ కింద మూడెకరాలు పోయిన పెద్దాయన ఒకరు మా పక్కనే ఉన్నారు. ఈపీ వేసింది ఆయనే. అమీనా సామాను జాబితా రాసుకుంటుంటే ఆయన మమ్మల్ని అడిగారు: "ఈ కుర్చీలన్నీ అమ్మినా నాకు రావాల్సిన వడ్డీకి సరిపోదు కదయ్యా. మరి నా డబ్బు ఎక్కడుంది?"

ఆ రోజు మేం సరైన సమాధానం చెప్పలేకపోయాం. "గవర్నమెంటు దగ్గర బడ్జెట్ లేదంట" అని లోపల గుమాస్తా చెప్పిన మాటనే తిరిగి చెప్పాం. ఆ మాట తప్పని తర్వాత చదువుకున్నాక తెలిసింది. ఆ తప్పు మన కార్యకర్తలెవరూ మళ్లీ చేయకూడదనే ఈ విషయం ఈరోజు తరగతిలో పెట్టాం.

ముందు బాకీ ఎలా పుడుతుందో చూద్దాం. మన ప్రాంతంలో ఇప్పటికీ నడుస్తున్న పాత కేసుల్లో చాలావరకు 1894 భూసేకరణ చట్టం కింద తీసుకున్న భూములవే. అధికారి అవార్డు ఇస్తాడు. రేటు తక్కువని రైతు నిరసన తెలిపి డబ్బు తీసుకుంటాడు. 18వ సెక్షన్ కింద కేసును సివిల్ కోర్టుకు పంపమని అడుగుతాడు. కోర్టు సాక్ష్యాలు చూసి రేటు పెంచుతుంది. ఆ పెంపు మీద 30 శాతం సొలేషియం, నోటిఫికేషన్ నాటి నుంచి ఏడాదికి 12 శాతం చొప్పున అదనపు విలువ, భూమి స్వాధీనం చేసుకున్న నాటి నుంచి వడ్డీ వస్తాయి. వడ్డీ మొదటి ఏడాది 9 శాతం, ఆ తర్వాత 15 శాతం. సొలేషియం మీద కూడా వడ్డీ ఇవ్వాలని 2001లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 చట్టంలో సొలేషియం నూరు శాతమైంది. ఆలస్యానికి 9, 15 శాతం వడ్డీ మాత్రం అందులోనూ ఉంది.

ఇది కాగితం మీద లెక్క వేసి చూద్దాం. మూడెకరాల రైతుకు కోర్టు ఎకరాకు లక్ష రూపాయలు పెంచిందనుకోండి. పెంపు 3 లక్షలు. 30 శాతం సొలేషియం 90 వేలు. నోటిఫికేషన్ నుంచి అవార్డుకు ఏడాదిన్నర పట్టిందనుకుంటే 12 శాతం అదనపు విలువ 54 వేలు. మొత్తం 4 లక్షల 44 వేలు. దీని మీద మొదటి ఏడాది వడ్డీ 39,960 రూపాయలు. రెండో ఏడాది నుంచి ఏటా 66,600. సర్కారు పదేళ్లు కట్టకుండా కూర్చుంటే వడ్డీ ఒక్కటే 6 లక్షల 39 వేల 360 రూపాయలు. అంటే నాలుగున్నర లక్షల లోపు బాకీ పదేళ్లకు 10 లక్షల 83 వేలు దాటుతుంది. ఫైలు బల్ల మీద పడి ఉన్న ప్రతి రోజుకూ 182 రూపాయలు. ఇది ఒక్క రైతు మూడెకరాల లెక్క. ఒక కాలువ కింద భూమి పోయినవాళ్లు వందల మంది ఉంటారు. ఈ వడ్డీ ఏ అధికారి జీతంలోంచీ పోదు. మనందరి పన్నుల డబ్బులోంచే పోతుంది.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు వద్దాం. డబ్బు ఎక్కడుంది?

రాష్ట్ర ప్రభుత్వానికి వచ్చే ఆదాయమంతా రాష్ట్ర సంచిత నిధిలోకి వెళుతుంది. శాసనసభ చేసిన చట్టం లేకుండా అందులోంచి ఒక్క రూపాయి కూడా తీయకూడదని రాజ్యాంగం 266వ అధికరణ చెబుతుంది. ఆ చట్టాన్నే ద్రవ్య వినిమయ చట్టం అంటారు. బడ్జెట్ సమావేశాల చివర్లో దాని బిల్లు పెడతారు. ఈ నియమం మంచిదే. ప్రజల డబ్బును ప్రజలు ఎన్నుకున్న సభ అనుమతితోనే ఖర్చు పెట్టాలి.

మరి కోర్టు రైతుకు డబ్బు కట్టమంటే శాసనసభ కాదనవచ్చా? రాజ్యాంగం రాసినవాళ్లు ఈ చిక్కును ముందే ఊహించారు. 202వ అధికరణ మూడో క్లాజు చూడండి. సంచిత నిధి మీద నేరుగా మోపిన ఖర్చుల జాబితా అందులో ఉంటుంది. వీటిని చార్జ్‌డ్ ఖర్చులు అంటారు. గవర్నర్ జీతభత్యాలు, స్పీకర్ జీతం, రాష్ట్రం చేసిన అప్పుల వడ్డీ, హైకోర్టు న్యాయమూర్తుల జీతాలు అందులో ఉన్నాయి. వాటి పక్కనే (ఇ) అనే అక్షరం కింద ఇంకొకటి ఉంది: ఏదైనా కోర్టు గానీ మధ్యవర్తి ట్రిబ్యునల్ గానీ ఇచ్చిన తీర్పు, డిక్రీ, అవార్డు చెల్లించడానికి కావలసిన మొత్తం.

మిత్రులారా, ఈ మాటను ఊరికి తీసుకెళ్లండి. రాజ్యాంగం లెక్కలో మూడెకరాల రైతు డిక్రీ, గవర్నర్ జీతం ఒకే వరుసలో ఉన్నాయి. గవర్నర్ జీతానికి బడ్జెట్ లేదని ఎప్పుడైనా విన్నారా? రాష్ట్రం తెచ్చిన అప్పు మీద వడ్డీ కట్టడానికి నిధుల్లేవని ఏ ఆర్థిక శాఖ అయినా బ్యాంకుతో అంటుందా?

చార్జ్‌డ్ ఖర్చు మీద సభలో ఓటింగు ఉండదు. 203వ అధికరణ ఆ మాట చెబుతుంది. ద్రవ్య వినిమయ బిల్లులో ఆ మొత్తాన్ని తగ్గించే సవరణ కూడా ప్రతిపాదించకూడదని 204వ అధికరణ చెబుతుంది. అంటే మన రైతు డిక్రీకి అడ్డుపడే అధికారం ఏ ఎమ్మెల్యేకూ లేదు, ఏ పార్టీకీ లేదు.

ఈ ఏర్పాటు విలువ తెలియాలంటే అది లేని చోట ఏం జరిగిందో చూడాలి. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం ఉంది. నారింజ, నిమ్మజాతి తోటలకు పేరున్న ప్రాంతం. అక్కడ కేంకర్ తెగులు వచ్చినప్పుడు రాష్ట్ర వ్యవసాయ శాఖ తెగులు సోకిన చెట్టు చుట్టూ 1,900 అడుగుల లోపు ఉన్న ఆరోగ్యమైన చెట్లను కూడా నరికించింది. ఇళ్ల పెరళ్లలోని చెట్లనూ వదల్లేదు. నష్టపోయినవాళ్లు కోర్టుకు వెళ్లి గెలిచారు. బ్రోవార్డ్ కౌంటీ వాళ్లకు 2008లోనే కోర్టులో గెలుపు వచ్చింది. అయితే అక్కడి చట్టం ప్రకారం రాష్ట్రం మీద వచ్చిన తీర్పుకు డబ్బు కావాలంటే శాసనసభ విడిగా కేటాయించాలి. ఏళ్ల తరబడి కేటాయించలేదు. చివరికి 2017లో సభ 3 కోట్ల 70 లక్షల డాలర్లకు పైగా బడ్జెట్‌లో పెడితే, గవర్నర్ రిక్ స్కాట్ దాన్ని వీటో చేశారు. మరుసటి ఏడాది బడ్జెట్‌లో గానీ బ్రోవార్డ్ వాళ్లకు డబ్బు రాలేదు. కోర్టులో గెలిచిన పదేళ్లకు వాళ్ల చేతికి డబ్బు అందింది.

మన రాజ్యాంగంలో ఆ ఓటూ లేదు, ఆ వీటో భయమూ లేదు. అయినా మన రైతు కూడా పదేళ్లు ఆగుతున్నాడు. మరి అడ్డు ఎక్కడుంది? ఈరోజు అందరూ గుర్తుపెట్టుకోవలసింది ఇదే: అడ్డు సభలో లేదు. సభకు చేరకముందే ఉంది.

చార్జ్‌డ్ ఖర్చు అయినా దాని మొత్తం ద్రవ్య వినిమయ చట్టంలో ఉండాలి. అది అందులోకి రావాలంటే ఎవరో ఒకరు లెక్క కట్టి రాయాలి. కోర్టు తీర్పు రాగానే భూసేకరణ అధికారి, భూమి ఏ శాఖ కోసం తీసుకున్నారో ఆ శాఖకు రాయాలి. సాగునీటి కాలువ అయితే జలవనరుల శాఖ, రోడ్డు అయితే రోడ్లు భవనాల శాఖ. ఆ శాఖ తన బడ్జెట్ అంచనాలో చార్జ్‌డ్ పద్దు కింద ఆ మొత్తం పెట్టాలి. ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి. సభ చట్టం చేశాక నిధుల విడుదల ఉత్తర్వు రావాలి. ఖజానాలో బిల్లు పాస్ కావాలి. అప్పుడు కోర్టులో జమ అవుతుంది.

ఈ దారిలో ఫైలు ఆగే చోట్లు మనకు తెలిసినవే. డబ్బు మీరు కట్టాలంటే మీరు కట్టాలని రెవెన్యూ, జలవనరుల శాఖలు ఒకదానికొకటి ఉత్తరాలు రాసుకుంటాయి. అప్పీలుకు వెళ్లాలా వద్దా అని ప్రభుత్వ ప్లీడరు అభిప్రాయం కోసం ఫైలు తిరుగుతుంది. అప్పీలు గడువు దాటాక ఆలస్యం మన్నించమని పిటిషన్ వేస్తారు. ప్రాజెక్టుకు ఇచ్చిన నిధుల్లో కాంట్రాక్టర్ బిల్లులు ముందు పోతాయి. డిక్రీ డబ్బు వచ్చే ఏడాది చూద్దామంటారు. వచ్చే ఏడాది అంచనాల్లో ఎవరూ రాయరు. రాయని మొత్తం చట్టంలోకి రాదు. అప్పుడు గుమాస్తా "బడ్జెట్ లేదు" అంటాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. బడ్జెట్‌లో ఎందుకు లేదంటే, ఆ శాఖ అడగలేదు కాబట్టి.

బడ్జెట్ సమయంలో మరిచిపోయారనే అనుకుందాం. దానికీ రాజ్యాంగంలో దారి ఉంది. ఏడాది మధ్యలో అదనపు డబ్బు కావాలంటే 205వ అధికరణ కింద అనుబంధ పద్దు పెట్టవచ్చు. సభ సమావేశాలు దూరంగా ఉంటే 267వ అధికరణ కింద ఉన్న ఆకస్మిక నిధి నుంచి అడ్వాన్సు తీసి, తర్వాత సభలో సర్దుబాటు చేసుకోవచ్చు. మూడు తలుపులున్న ఇంటికి దారి లేదని చెప్పడం కుదరదు.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 82వ సెక్షన్ సర్కారుకు ఇంకో వెసులుబాటు ఇచ్చింది. డిక్రీ వచ్చిన మూడు నెలల దాకా సర్కారు మీద అమలు ఉత్తర్వు ఇవ్వకూడదు. ఆ మూడు నెలలు ఎందుకు? ఈ లెక్కలు కట్టి డబ్బు సమకూర్చుకోవడానికే. ఆ గడువు దాటిందంటే కుర్చీల జప్తు రైతు మొండితనం వల్ల జరిగింది కాదు. శాఖ తన పని చేయకపోవడం వల్ల జరిగింది.

దీని ఫలితం ఎవరి మీద పడుతుందో చూడండి. శ్రీశైలం జలాశయం కింద 1981 ప్రాంతంలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్లు మునిగాయి. ఆ భూముల పరిహారం కేసులు దశాబ్దాల తరబడి నడిచాయి. భూమి ఇచ్చిన మనిషి పోతే కొడుకులు, కూతుళ్లు వారసులుగా రికార్డులోకి ఎక్కాలి. ఒక వారసుడి పేరు తప్పితే మళ్లీ ఆరు నెలలు. 2021 సెప్టెంబరులో నెల్లూరు జిల్లా మహిళా రైతు ఒకరి కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొందరు ఐఏఎస్ అధికారులకు కోర్టు ధిక్కారం కింద జైలు శిక్ష, జరిమానా విధించింది. ఆమెకు పరిహారం మూడు నెలల్లో ఇవ్వమని 2017లో ఇచ్చిన ఉత్తర్వు ఏళ్ల తరబడి అమలు కాలేదు. ఒక రైతు తన డబ్బు కోసం ధిక్కారం కేసు దాకా వెళ్లాల్సి వచ్చింది. అంత దూరం వెళ్లలేని రైతులు ఎంతమంది ఉంటారో ఆలోచించండి.

వెళ్లలేనివాళ్ల దగ్గరికి దళారులు వస్తారు. "నీ డిక్రీ డబ్బు నేను తెప్పిస్తా, సగం నాది" అంటారు. ఖజానాలో ఎవరిని కలవాలో తమకు తెలుసంటారు. కూతురి పెళ్లి ముందున్న రైతు, ఆసుపత్రి ఖర్చు మీద పడ్డ రైతు ఒప్పుకుంటాడు. తెల్ల కాగితం మీద సంతకం పెడతాడు. పదిహేను శాతం వడ్డీ రైతు కోసం పెట్టింది. ఆలస్యం పెరిగేకొద్దీ అది దళారి వాటాను పెంచుతుంది.

ఒక మాట మనం నిజాయితీగా ఒప్పుకోవాలి. ప్రతి తీర్పు మీదా అప్పీలు చేసే హక్కు సర్కారుకు ఉంది. ఎక్కడైనా దొంగ పత్రాలతో రేటు పెంచుకుంటే దాన్ని ప్రశ్నించాల్సిందే. సంచిత నిధి మన డబ్బు కాబట్టి దాన్ని కాపాడమని అడిగేవాళ్లలో మనమే ముందుండాలి. అయితే అప్పీలు వేయడం వేరు, అప్పీలు పేరు చెప్పి కూర్చోవడం వేరు. పై కోర్టు స్టే ఇస్తే డిక్రీ ఆగుతుంది. స్టే లేకపోతే అప్పీలు పెండింగులో ఉందన్న కారణంతో డబ్బు ఆపకూడదు. ఈ తేడా రైతుకు చెప్పండి. "అప్పీలు వేశాం" అని కార్యాలయంలో అంటే "స్టే ఆర్డరు కాపీ చూపించండి" అని అడగమనండి.

ఇక మనం చేయాల్సిన పని.

మొదటిది, లెక్క. ప్రతి మండల కమిటీ తన ఊళ్లలో డిక్రీ ఉండి డబ్బు రాని రైతుల జాబితా రాయాలి. ఓపీ నంబరు, తీర్పు తేదీ, డిక్రీ మొత్తం, ఇప్పటిదాకా జమ అయింది ఎంత, ఈపీ వేశారా లేదా, అప్పీలు ఉందా, స్టే ఉందా అన్నవి చాలు. డిక్రీ మీద ఎవరి పేరుందో కూడా చూడండి. భూమి కార్పొరేషన్ కోసం తీసుకున్నదైతే ఆ సంస్థ కట్టాలని శాఖలు తప్పుకుంటాయి. ఆ వాదనకు జవాబు డిక్రీ కాగితంలోనే ఉంటుంది.

రెండోది, గడువు. డిక్రీ అమలుకు పన్నెండేళ్లు గడువు. సర్కారు బాకీ కదా, ఎక్కడికి పోతుందిలే అని ఈపీ వేయకుండా కూర్చుంటే పోతుంది. పక్క రైతు కోర్టుకు వెళ్లి రేటు పెంచుకుంటే, అదే నోటిఫికేషన్ కింద భూమి పోయి కోర్టుకు వెళ్లనివాళ్లు ఆ అవార్డు వచ్చిన మూడు నెలల్లో కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పాత చట్టంలో 28-ఎ సెక్షన్, కొత్త చట్టంలో 73వ సెక్షన్ ఈ హక్కు ఇస్తున్నాయి. మూడు నెలలంటే తొంభై రోజులే. ఊళ్లో ఒక్కరికి తీర్పు వచ్చిందని తెలిసిన రోజే మిగతావాళ్ల ఇళ్లకు వెళ్లండి.

మూడోది, సమాచారం. సమాచార హక్కు చట్టం కింద ఆ శాఖకు దరఖాస్తు పెట్టండి. రెండే ప్రశ్నలు అడగండి. మా డిక్రీ మొత్తాన్ని ఏ ఏడాది బడ్జెట్ అంచనాలో చార్జ్‌డ్ పద్దు కింద పెట్టారు? పెట్టకపోతే ఎందుకు పెట్టలేదు? ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. ఆ జవాబు కాగితం ఈపీలోనూ ధిక్కారం కేసులోనూ మన ప్లీడరుకు పనికొస్తుంది.

నాలుగోది, శాసనసభ. ఓటింగు లేదంటే మాట్లాడకూడదని కాదు. చార్జ్‌డ్ ఖర్చుల మీద సభలో చర్చ జరపవచ్చని అదే 203వ అధికరణలో రాసి ఉంది. మనం వాడుకోని హక్కు ఇది. బడ్జెట్ సమావేశాలకు ముందు మన జిల్లా ఎమ్మెల్యేలందరినీ, ఏ పార్టీ వాళ్లయినా సరే, జాబితా పట్టుకుని కలవాలి. "మీరు ఓటు వేయనక్కరలేదు, ఒక ప్రశ్న అడగండి చాలు" అని చెప్పాలి. శాఖల వారీగా పెండింగు డిక్రీలు ఎన్ని, మొత్తం ఎంత, ఆలస్యం వల్ల ఏటా ఎంత వడ్డీ పోతోంది? ఈ ప్రశ్న సభలో వస్తే జవాబు రికార్డులోకి ఎక్కుతుంది. అడగని శాఖ తర్వాతి ఏడాది అడగక తప్పదు.

సంఘం తరఫున మనం పెట్టే డిమాండు కూడా ఇంత సూటిగానే ఉంది. ప్రతి శాఖ తన పెండింగు డిక్రీల జాబితాను బడ్జెట్ పత్రాలతో పాటు సభ ముందు పెట్టాలి. ముందు వచ్చిన డిక్రీకి ముందు చెల్లించాలి. కారణం లేని ఆలస్యం వల్ల పోయిన వడ్డీకి బాధ్యులెవరో తేల్చాలి. ఇందులో కొత్త పథకం ఏదీ లేదు, కొత్త రాయితీ ఏదీ లేదు. కోర్టు ఇచ్చినదాన్ని రాజ్యాంగం చెప్పిన దారిలో కట్టమంటున్నాం, అంతే.

కార్యాలయం ముందు మమ్మల్ని ప్రశ్న అడిగిన పెద్దాయనకు డిక్రీలో కొంత మొత్తమే జమ అయింది. మిగతా దానికి ఈపీ ఇంకా నడుస్తోంది. మొన్న మళ్లీ కలిసినప్పుడు ఆయనకు సమాధానం చెప్పాం. "మీ డబ్బు సంచిత నిధిలో ఉంది పెద్దాయనా. మీ పేరు అక్కడిదాకా ఎవరూ పంపలేదు. ఈసారి మనమే పంపిద్దాం" అన్నాం. ఆయన సంచిలోంచి డిక్రీ నకలు తీసి మా చేతికిచ్చారు. మన జిల్లా జాబితాలో మొదటి పేరు ఆయనదే. మిగతా పేర్లు మీరు తేవాలి.